కుండమార్పిడి కుదరని సంబంధం

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్ళకి ఒక మానిటర్ చాలడం మానేసి చాలాకాలమైంది. ఒకదాంట్లో మేనేజరు మొహం ఉంటే, పని చేసుకోవడానికి ఇంకోటి కావాలి. పనంటే క్రికెట్టే అనుకోండి. అందుకని అటక మీది పాత మానిటర్ కిందికి దిగుతుంది. దుమ్ము దులిపి వెనక్కి తిప్పితే నీలం రంగు వీజీఏ పోర్టు, 15 రంధ్రాలు, చెరో పక్కా మర. 1987లో ఐబీఎం పుట్టించిన సరుకు. కొత్త కంప్యూటర్ వెనక చూస్తే హెచ్‌డీఎంఐ ఒకటి, డిస్‌ప్లేపోర్ట్ ఒకటి. నీలం మచ్చుకైనా లేదు.

ఇక్కడ ప్రతి పోర్టూ మిగతావాటి గొడవ తీర్చడానికే పుట్టింది. 1999లో డీవీఐ వచ్చింది, అంతా డిజిటల్ అంది. అంటూనే తనలోనే ఐ, డి, ఏ అని మూడు శాఖలు పెట్టుకుంది. 2002లో టీవీల కంపెనీలు కలిసి హెచ్‌డీఎంఐ తెచ్చాయి. మరి కంప్యూటర్లవాళ్ళు ఊరుకుంటారా? 2006లో డిస్‌ప్లేపోర్ట్. దానికి 19 పిన్నులు, దీనికి 20. ఒకటైనా ఎక్కువ ఉండాలిగా!

2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శామ్‌సంగ్, ఎల్‌జీ కూడబలుక్కుని, 2015కల్లా వీజీఏకి మంగళం పాడతామన్నాయి. మన కాలేజీ సెమినార్ హాళ్ళలో ప్రొజెక్టర్లకి ఆ కబురు ఇంకా అందలేదు.

సరే, వైరు కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్తారు. కౌంటర్ దగ్గర కుర్రాడు మీ ప్రశ్న పూర్తికాకముందే వైరు చేతిలో పెడతాడు.

"పనిచేస్తుందా తమ్ముడూ?"

"పక్కా పనిచేస్తదన్నా."

"గ్యారంటీ?"

"టెస్టింగ్ వారంటీ. ఈడనే చూస్కొని తీస్కపో."

మానిటర్ ఇంట్లో ఉంది. ఈడ దేన్ని చూస్కోవాలి?

అతను చెప్పనిదేమిటంటే, ఈ సంబంధాల్లో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు. కంప్యూటర్ డిస్‌ప్లేపోర్ట్ నుంచి మానిటర్ హెచ్‌డీఎంఐకి చవక వైరు చాలు, చాలావరకు బొమ్మ వచ్చేస్తుంది. ఎందుకంటే ఆ పోర్టే అవతలివాళ్ళకి కావలసిన సిగ్నల్ పంపగలదు. అదే వైరు తిరగేసి, హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కి పెట్టారా, చీకటే. కుండమార్పిడి కుదరదన్నమాట. అటు వెళ్ళాలంటే చిప్పున్న కన్వర్టర్ కావాలి, దాన్ని పోషించడానికి చాలాసార్లు విడిగా కరెంటూ కావాలి. వీజీఏకి కూడా డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే చిప్పు తప్పదు. ఆ ముక్క డబ్బా మీద ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఉంటే. స్ప్లిటర్ కొన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. రెండు మానిటర్లలోనూ మేనేజరే.

ఈ గోలంతా టైప్-సి తీర్చేస్తుందన్నారు, 2014లో. నిజమే, రంధ్రం ఒకటే అయింది. కానీ ఒక రంధ్రం బొమ్మ పంపుతుంది, పక్కనే అచ్చం అలాంటిదే చార్జింగ్ తప్ప మరోటి ఎరగదు. వైర్లదీ అదే తీరు. పూర్వం పోర్టు చూడగానే కుదరదని తెలిసిపోయేది. ఇప్పుడు మూడు ముళ్ళూ పడ్డాక తెలుస్తోంది.

లక్షకు దగ్గర్లో పెట్టేవాళ్ళకి ఈ బాధలుండవనుకునేరు. 2020లో ఆపిల్ ఎం1 చిప్పుతో తెచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కి టైప్-సి రంధ్రాలు రెండు, రెండూ బొమ్మ పంపగలిగినవే. బయటి మానిటర్‌ని మాత్రం ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. మరి రెండో రంధ్రం ఎందుకయ్యా అంటే, చార్జింగుకి.