నీళ్లు రాకముందే ముగించండి: పాత ఫైబర్ పడవ గదికి కొత్త మెరుగు

కాకినాడ వైపు నుంచి పాత ఫైబర్ పడవ ఒకటి కొని, లారీకెక్కించి, భైరవానితిప్ప ప్రాజెక్టు కట్ట పక్కన దింపుకున్నారు. ముందు భాగంలో చిన్న గది. అటొక బల్ల, ఇటొక బల్ల, అద్దాల కిటికీలు, పైకప్పు నుంచి జారి వేలాడుతున్న రెక్సిన్. తలుపు తీస్తే డీజిలూ బూజూ కలిసిన వాసన. షికారు పడవ నడుపుదామని మీతో వాటా కలిపిన వాళ్లు వారం వారం వచ్చి గది ఎంతవరకు వచ్చిందని అడుగుతుంటారు. ఈ చిట్కాలు మీకోసమే.

ముందు లక్ష్యం తేల్చుకోండి. గదిని బాగుచేయడం మన పని కాదు. బాగైందని నలుగురూ అనుకోవాలి, మీరు వేపచెట్టు నీడన పడుకోవాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరే చోటు, ఈ ప్రాజెక్టున్న గుమ్మఘట్ట. సముద్రం ఒడ్డున రంగు ఆరీ ఆరకముందే పడవ నీళ్లలో దిగుతుంది, చేసిన పని, చేయని పని సాయంత్రానికల్లా బయటపడతాయి. మనకు ఆ బెడద లేదు. ఇక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. భైరవానితిప్ప సుమారు 2 టీఎంసీల జలాశయం, దాని కింద 12 వేల ఎకరాల ఆయకట్టు, నీళ్లు మాత్రం వేదవతి దయ. ఆ వేదవతి మీద ఎగువన, కర్ణాటకలో హిరియూరు దగ్గర, 1907లో కట్టిన వాణీవిలాస సాగరం ఉంది. అది 1933లో నిండి పొర్లింది. మళ్లీ పొర్లింది 2022లో. మధ్యలో 89 ఏళ్లు. పనివాడికి ఇంత గడువిచ్చే నది ఇంకొకటి దొరకదు, వాడుకోండి.

1. సామాన్ల పట్టీ కంటే ముందు సాకుల పట్టీ రాయండి.

ఏడాది పొడుగునా చాలినన్ని ఉన్నాయి. ఎండాకాలం: "ఈ ఎండకు రెజిన్ డబ్బాలోనే గట్టిపడతాదన్నా." ఆషాఢం: "గాలికి దుమ్ము అంటుకుంటాది." శ్రావణం: పెళ్లిళ్లు, పనోడు ఊళ్లో లేడు. శెనక్కాయ పీకే రోజులు: కూలీలు దొరకరు. ధనుర్మాసం: మంచి రోజులు కావు. చలికాలం: రెజిన్ ఆరదు. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, అదే వీటి బలం. ఒకే మనిషికి ఒకే సాకు రెండుసార్లు చెప్పకండి. ఒక నోటు పుస్తకంలో ఎవరికి ఏది చెప్పారో రాసి పెట్టుకోండి. పడవ పనిలో మీరు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సింది ఈ ఒక్కటే.

గట్టిగా నిలదీస్తే హంద్రీ-నీవా పేరెత్తండి. దాని జీడిపల్లి జలాశయం నుంచి భైరవానితిప్పకు నీళ్లు ఎత్తిపోసే పథకం పేరు ఇక్కడ వినని వాళ్లు లేరు. "ఆ నీళ్లు వచ్చేలోగా మన గది తయారు" అనండి. ఎదుటి మనిషి సంభాషణ నీళ్ల మీదికి మళ్లుతుంది, మీ గది సంగతి మరచిపోతాడు.

2. నీళ్లు ఎక్కడినుంచి కారుతున్నాయో వెతకొద్దు.

పాత పడవ గదిలో చెమ్మ ఎక్కువగా కిటికీ చట్రాల దగ్గరా, పైన కొయ్యలు బిగించిన బోల్టుల దగ్గరా దిగుతుంది. పద్ధతిగా చేసేవాళ్లు మొదట ఆ బోల్టులు విప్పి, కొత్త సీలెంటు పెట్టి బిగించి, పైన నీళ్లు పోసి చూసి, ఆ తర్వాతే లోపలి పనికి వస్తారు. మీరు ఆ దారి తొక్కకండి. కారడం కనబడాలంటే వాన పడాలి, ఇక్కడ వాన పడదు. ఎవరైనా బిందెడు నీళ్లు పోసి చూద్దామంటే ముఖం గంభీరంగా పెట్టి, "తాగేదానికి లేవు సామీ, పడవకు పోస్తామా?" అనండి. ఈ ఊళ్లో దానికి ఎదురు మాట లేదు.

3. పాత రెక్సిన్ పీకొద్దు.

పీకితే దాని వెనక స్పాంజి నారింజ రంగు పొడిలా రాలుతుంది. మెడలోకి, కళ్లలోకి, అన్నం డబ్బాలోకి. దాని కింద నల్లగా సాగే పాత జిగురు ఉంటుంది, అది తుడిచినకొద్దీ వేళ్లకు చుట్టుకుంటుంది. స్క్రేపరుతో గీకి, అసిటోన్ గుడ్డతో తుడిచి, ఫైబర్ శుభ్రంగా కనబడేదాకా పోవాలని తెలిసినవాళ్లు చెబుతారు. వాళ్లను చెప్పనివ్వండి. మీరు రాయదుర్గం వెళ్లండి. జీన్సు కుట్టే ఊరు కాబట్టి కట్‌పీసు గుడ్డ చవగ్గా దొరుకుతుంది. దాన్ని పాత రెక్సిన్ మీదే పరిచి స్క్రూలు కొట్టండి. చెమ్మ, బూజు, పాత వాసన మూడూ లోపల భద్రంగా ఉంటాయి, పైన నీలం రంగు నిండుగా కనిపిస్తుంది.

స్క్రూల విషయంలో పొదుపు మంచిది. తలుపులకు వాడగా మిగిలిన అంగుళమున్నర స్క్రూలు ఇంట్లో ఉంటాయి, అవే కొట్టండి. పడవ గోడ మందం కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి మొనలు బయటికి పొడుచుకొస్తాయి. కంగారు వద్దు. బయటినుంచి ఒకరు చూసుకుంటూ వచ్చి, మొన కనబడిన చోటల్లా సుత్తితో వంచి, తెల్ల రంగు చుక్క పెట్టాలి. నీటిమట్టం గీతకు కింద పొడుచుకొచ్చినవాటికి రెండు చుక్కలు పెట్టండి.

4. రుద్దడం మానేయండి, తుడవండి.

పాత రంగును 80 నంబరు ఎమిరీ పేపరుతో రుద్ది, తర్వాత 120, ఆ పైన 180 పట్టి, మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని చేయాలంటారు. ఆ దుమ్ము గాజు దుమ్ము, ఒంటికి అంటితే రాత్రంతా దురద. ఇంత తెలిసీ ఎవడు రుద్దుతాడు? ఇంజను ట్యాంకులోంచి రవ్వంత డీజిలు తీసి పాత లుంగీ గుడ్డ తడిపి గోడలన్నీ తుడవండి. పది నిమిషాల్లో గది అద్దంలా మెరుస్తుంది. వెంటనే ఫొటోలు తీసి వాటాదారులకు పంపండి, ఆ మెరుపు పోకముందే.

డీజిలు మీద రంగు పట్టదు. కొన్నాళ్లకు అరచేతి వెడల్పున పొరలు పొరలుగా ఊడుతుంది. ఊడిన చోట పాత ఆకుపచ్చ కనిపిస్తుంది. రెండు రంగుల డిజైను అని చెప్పి ఒప్పించండి.

5. రెజిన్‌కు హార్డనర్ ధారాళంగా పోయండి.

కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాముల హార్డనర్, అదీ కొలిచి, ఎండ ఎక్కువుంటే తక్కువ వైపు, తెల్లవారుజామున కలుపుకోవాలి. ఇది బద్ధకస్తుడికి పడని పద్ధతి. కొలత గ్లాసు కొనకండి, మూతతో పోయండి. మధ్యాహ్నం రెండింటికి, రేకు షెడ్డు కింద కలపండి. బ్రష్షు ముంచేలోపే మగ్గు చేత్తో పట్టలేనంత వేడెక్కి, పొగలు చిమ్మి, పగిలిన పటికబెల్లంలా గడ్డ కడుతుంది. ఆ గడ్డను పారేయకండి. పక్కనే వరుసగా పెట్టుకోండి. ఎన్ని గడ్డలుంటే అంత సామాను పని మీద ఖర్చయినట్టు లెక్క చూపించవచ్చు. రెజిన్ ఘాటుకు తల తిరిగితే ఆ పూటకు పని కట్టేయండి, మంచి కారణం దొరికినట్టే.

6. బొక్కలన్నిటికీ గోడ లప్పమే.

ఇల్లు కట్టగా మిగిలిన తెల్ల సిమెంటు లప్పం మూట ప్రతి ఇంట్లో ఉంటుంది. దాన్ని కలిపి పొక్కుల మీద, పగుళ్ల మీద, మూలల్లో దిట్టంగా పట్టించండి. ఫైబర్ అలకు కొద్దిగా వంగుతుంది, సిమెంటు లప్పం వంగదు, కాబట్టి పెళ్లలుగా రాలుతుంది. కట్ట పక్కన నిలబెట్టిన పడవకు అలలెక్కడివి?

ఒక జాగ్రత్త ఉంది. పని తెలిసినవాడు వస్తే రూపాయి బిళ్లతో గోడంతా తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్న చోట టక్కుమంటుంది. లోపల పొరలు విడిపోయిన చోట, చెమ్మ తిన్న చోట డొల్లగా మోగుతుంది. అలాంటి మనిషి దూరంగా కనబడగానే స్పీకరులో పాటలు పెట్టండి. బాగా గట్టిగా. ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్న మాట: గది మెరుగులో సగం పనితనం స్పీకరుదే.

7. మంచి ప్లైవుడ్ ఒక్క ముక్క కొనండి.

నీళ్లకు ఓర్చే మెరైన్ ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది, ధర చూస్తే నోరు ఎండిపోతుంది. తలుపుకు సరిపడా ఒక్క ముక్క తెచ్చి ముద్ర బయటికి కనబడేలా బిగించండి. ఆ ముద్ర మీద రంగు వేయొద్దు. బల్లలకు, అడ్డ చెక్కలకు, కాళ్ల కింది పలకకు బళ్లారి పాత సామాను అంగళ్లలో దొరికే ప్యాకింగు చెక్క చాలు. చెక్క అంచులకు రెజిన్ పూయడం బొత్తిగా వద్దు. చెమ్మ అంచుల్లోంచే ఎక్కుతుందన్నది నిజమే, కానీ అంచులు ఎవరూ వంగి చూడరు.

వైర్లు కూడా ఇంతే. పాతవాటినే టేపు చుట్టి జీన్సు గుడ్డ వెనక్కి తోసేయండి.

8. ఆషాఢంలోనే రంగు వేయండి.

సాకుల పట్టీలో ఆషాఢం గాలి ఉంది కదా అనొచ్చు. అది మొదటి ఏటికి. వాటాదారులు మరీ ఒత్తిడి చేస్తే ఆ గాలిలోనే వేసేయాలి. ఎందుకో చెబుతాను. ఇక్కడి వేదవతే కిందికి పోయేకొద్దీ హగరి. ఆ ఏటి ఇసుకే ఎగిరి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో దిబ్బలుగా పేరుకుని పొలాల్లోకి పాకింది. అంత పని చేసిన గాలి మీ గదికి ఉచితంగా పని చేయనంటుందా? తలుపు, కిటికీలు తెరిచి పెట్టి, ఎనామిల్ రంగు చిక్కగా, థిన్నర్ కలపకుండా, ఒకే కోటు కొట్టండి. పచ్చి రంగు మీద సన్న ఇసుక, వేపాకు ఈనెలు, ఒకటి రెండు ఈగలు వచ్చి కూర్చుంటాయి. ఆరాక చెయ్యి వేస్తే గీరుకుంటుంది. "కాలు జారకుండా గరుకు ఫినిషు" అని చెప్పండి. గోడల మీద కాలు ఎందుకు జారుతుందని అడిగే తెలివిగలవాణ్ణి రెండోసారి పిలవకండి.

9. ప్రారంభోత్సవం ఘనంగా, పొడిగా.

గుమ్మడికాయ, కొబ్బరికాయ, పూలదండ, ఫ్లెక్సీ. ఇక్కడ ఖర్చుకు వెనకాడొద్దు, గదిలో మిగిల్చింది ఇక్కడ పెట్టండి. పెద్దమనుషులను మెట్టు దగ్గరే ఆపి, "పచ్చి రంగు, ముట్టుకోరాదు" అని బోర్డు పెట్టండి. ఆ బోర్డు ఎప్పటికీ తీయకండి. ప్రాజెక్టులో పుట్టి వేసుకుని చేపలు పట్టేవాళ్లను మాత్రం లోపలికి రానివ్వొద్దు. వాళ్లు బల్ల మీద కూర్చోరు. అడుగు పలకను బొటనవేలితో నొక్కి చూస్తారు, వేలు దిగితే నలుగురిలో చెబుతారు. వాళ్లకు ప్రసాదం ముందే చేతిలో పెట్టి పంపేయండి.

10. కాగితాలు బావమరిది పేరున.

1917 నాటి పాత చట్టం పోయి, 2021లో అంతర్గత జలరవాణా పడవలకు కొత్త చట్టం వచ్చింది. ఇంజను పడవను రిజిస్టరు చేయించాలి, సర్వే చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. సర్వేకు వచ్చినవాళ్లు పలకలెత్తి చూస్తారు, అక్కడే మన చిట్కాలన్నీ వరసగా కనబడతాయి. అందుకని దరఖాస్తే పెట్టకండి. ఎవరడిగినా "ఇది పడవ కాదు సార్, కట్ట మీద విశ్రాంతి గది" అనండి. కొనుగోలు రసీదు మాత్రం బావమరిది పేరున రాయించండి. మీ ఆవిడకు ఇప్పుడే చెప్పొద్దు.

11. వేదవతికి నీళ్లు వస్తే.

రావని కూర్చోకండి. 2022లో వచ్చాయి, నది పారింది, ప్రాజెక్టు నిండింది, జనం కట్ట మీద తిరునాళ్లలా చేరారు. అలాంటి ఏడాదిలో వాటాదారులు తాడు పట్టుకుని తోయడానికి సిద్ధంగా ఉంటారు. పరశురాంపురం దాటి నీళ్లు వస్తున్నాయన్న కబురు అందిన గంటలోపు ఇంజను విప్పి బళ్లారికి రిపేరుకు పంపేయండి. ఇంజను లేని పడవను తోయమనేవాళ్లు తక్కువ. అయినా తోస్తే అడ్డం పడకండి, కొబ్బరికాయ మీరే కొట్టండి, బావమరిదిని ముందు ఎక్కించండి. మీరు మాత్రం ఎక్కకండి.