శ్రుతిదండము ఆత్మకథ

నేనొక శ్రుతిదండమను. సెకనుకు 512 మారులు కంపించుట నా స్వభావము. 1711లో మా మూలపురుషుని సృజించిన ఆంగ్లేయుడు జాన్ షోర్ బాకా వాద్యకారుడు. వాద్యములకు శ్రుతి కుదుర్చుటకు మించి అతడు మా నుండి ఆశించినది లేదు. మమ్ము సంగీతశాల నుండి వైద్యశాలకు మరల్చిన వెబర్, రిన్నె అను జర్మను పండితుల పేర నేటికిని రెండు పరీక్షలు చెల్లుచున్నవి. నా నివాసము శృంగవరపుకోటలో ఒక చెవి వైద్యుని బల్ల.

ఈ ఊరు అరకు ఘాట్ రోడ్డునకు ముఖద్వారము. అనంతగిరి మలుపులెక్కి సుమారు 900 మీటర్ల ఎత్తునకు పోవునపుడు చెవిలోని గాలి వ్యాకోచించి, కంఠకర్ణనాళమును తానే తోసికొని వెలికిపోవును. దిగునపుడట్లు కాదు, మ్రింగుటచేతనో ఆవులించుటచేతనో కండరములా నాళమును తెరవవలెను, తెరవనిచో బయటి గాలి కర్ణభేరిని లోనికి నొక్కును. ఆ దారిన జీపు తోలువాడొకడు వచ్చి, "దిగొచ్చినకాడ్నించి ఎడం సెవి దిబ్బడేసేసింది బాబూ, ఎవులేటన్నా ఇనబడ్డం నేదు" అనెను.

వైద్యుడు నన్ను మోచేతిపై తట్టి అతని నడినెత్తిన నిలుపగా, నా నాదము ఆ వినబడని చెవిలోనే హెచ్చుగా వినవచ్చెను. ఇది వినువారికి వింతగాని నాకు కాదు: నాడి చెడినచో ధ్వని మంచి చెవికి పోవును, దారి మూసికొన్నచో మూసిన చెవికే మొగ్గును. పిమ్మట వైద్యుడు ముక్కులోనికి దీపము చూపగా ముక్కుదూలము ఎడమకు వంగియుండెను.

చెవి జబ్బునకు ముక్కు వెదకుటేల యని రోగి తెల్లబోయెను. పదునారవ శతాబ్దిన యూస్టాచి అను ఇటలీ వైద్యుడు వర్ణించిన ఆ నాళము, పెద్దలలో ఇంచుమించు 36 మిల్లీమీటర్ల పొడవు గలది, ముక్కు వెనుకనే తెరచుకొనును. దూలము అడ్డుపడిన ముక్కులో గాలి సుడులు తిరుగును. నాళముఖము చుట్టు పొర వాచును. ముక్కు మూసియుండగా మ్రింగినచో చెవిలోని గాలి సైతము వెనుకకు లాగబడవచ్చును. ఉన్న గాలిని చెవి పొరలు పీల్చుకొనగా, క్రొత్తది రాక, కాలక్రమమున నీరు చేరును.

మందులతో గుణము కానరాకపోగా అతడు విశాఖపట్నపు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకొనెను. ముక్కులో దూది కట్టియున్నన్నాళ్లు దిబ్బడ మరింత హెచ్చెనట. అది సహజము, కట్టు తీసి వాపు దిగిన కొలది తగ్గును. పిదప అతడు రాగా నా నాదము చెవి వెనుకటి ఎముకపై కన్న చెవి ముందర ఎక్కువసేపు వినబడెను; మునుపు ఇందుకు విపర్యయముగా నుండెడిది.

అయినను దీనిని జూచి ప్రతి చెవికిని ముక్కు కోయుట అవివేకమని నా తీర్పు. కించిత్తు వంకర లేని ముక్కు అరుదు. ఎలర్జీ గలవారికిని, నాళమే బలహీనమైనవారికిని దూలము చక్కబెట్టినను చెవి కుదుటపడకపోవచ్చును. చదువరులారా, జలుబుతో ఘాట్ రోడ్డు దిగునపుడు నిద్రపోకుడు, గుటకలు మ్రింగుచుండుడు. పెద్దవారిలో ఒక చెవియే వారముల తరబడి దిబ్బడగా నుండినచో, అచ్చట గడ్డ యేదియు లేదని తేలుటకై ముక్కు వెనుక భాగమును తప్పక పరీక్ష చేయించుడు.