నేను భద్రాద్రి ఉలిని

నేను ఉలిని. మూరెడు పొడవున పుట్టాను, ఇప్పుడు జానెడు కూడా లేను. గట్టిరాతిని చెక్కే ఉలి ఆయుష్షు కొలిమిలోనే కరుగుతుంది. మొన మొద్దుబారగానే ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, కొసను మాత్రం నీళ్లకు తాకించేవారు. ఆ పదును ఎక్కువైతే పెళుసుబారి విరుగుతాం, తక్కువైతే రాతి మీద వంగిపోతాం.

1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. పదిహేడో శతాబ్దంలో కంచెర్ల గోపన్న కట్టించిన రామాలయాన్ని ఆ తర్వాత 1960లలో పునరుద్ధరించారు. దేవాదాయ మంత్రిగా పనిచేసిన కల్లూరి చంద్రమౌళి దానికి పూనుకున్నారు. శిల్పం పని స్థపతి ఎస్.ఎం. గణపతి గారి చేతికి వచ్చింది. హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి మలచింది కూడా ఆయనే. నేను ఆయన శిల్పుల్లో ఒకరి సంచిలో ఈ అడవి అంచుకు చేరాను.

కావిలో తడిపిన దారాన్ని రాతి మీద బిగించి, మధ్యలో ఎత్తి వదిలితే ఎర్రగీత పడుతుంది. ఆ గీత పడ్డాకే నా వంతు. చదరపు స్తంభానికి మూలలు కొట్టేస్తే ఎనిమిది పలకలు, వాటి మూలలూ తీసేస్తే పదహారు. మానసారమనే వాస్తుగ్రంథంలో వీటికి బ్రహ్మకాంతం, విష్ణుకాంతం, రుద్రకాంతం అని పేర్లున్నాయి. విగ్రహమైతే ముఖమే కొలబద్ద. ముఖం ఒక తాలం, తాలానికి పన్నెండు అంగుళాలు. ఉత్తమ దేవతామూర్తులకు దశతాలం.

ఈ లెక్క మనకొక్కరికే తెలుసనుకోకండి. గడ్డం నుంచి నుదుటి పైఅంచు దాకా ఉన్న ముఖం మనిషి ఎత్తులో పదోవంతని రోమన్ వాస్తుకారుడు విత్రూవియస్ రాశాడు. ఆ గ్రంథాన్ని ఇటలీ పండితులు పదిహేనో శతాబ్దంలో మళ్లీ తెరిచారు. వారిలో ఒకడైన ఆల్బెర్తీ దాన్ని ఆధారం చేసుకుని కొత్త వాస్తుగ్రంథం రాశాడు. 1490 ప్రాంతంలో లియొనార్డో దా విన్చీ ఆ కొలతల మనిషిని వలయంలో, చతురస్రంలో నిలబెట్టాడు. మానసారాన్ని పరిష్కరించి ప్రచురించిన ప్రసన్న కుమార్ ఆచార్య దాన్ని విత్రూవియస్‌తో పోల్చి చూపాడు. ఎవరి నుంచి ఎవరు నేర్చారన్న వాదులాట నాకు అక్కర్లేదు. మనిషి ముఖంతోనే మూర్తిని కొలవాలని రెండు దేశాల శిల్పులకూ తోచింది, నన్ను కదిలించేది అదే.

తేడా మాత్రం ఉంది. ఇటలీ వాళ్లు పుస్తకాన్ని వెతికి తెచ్చుకోవలసి వచ్చింది. గణపతి గారి వంటి తమిళ స్థపతుల ఇళ్లలో ఈ విద్య తండ్రి నుంచి కొడుక్కి నడుస్తూనే వచ్చింది. తెగిపోయింది మన దగ్గర. ఇదే అడవుల కొసన, పాలంపేటలో, 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించాడు. అక్కడి నల్లరాతి స్తంభాలు నేటికీ అద్దాల్లా మెరుస్తాయి. కాకతీయుల రాజ్యం 1323లో కూలాక ఆ పనితనం పలచబడింది. అందుకే భద్రాద్రి కల్యాణ మండపం ద్రావిడ శైలిలో లేచింది. అది అందమైన పనే, అందులో నా దెబ్బలూ ఉన్నాయి. అయినా గతాన్ని మళ్లీ బతికించేటప్పుడు ఏ గతమన్నది ఎవరో ఒకరు ఎంచుకోవాల్సిందే. ఫ్లోరెన్స్ వాళ్లు గోథిక్‌ను పక్కనపెట్టి రోమ్‌ను ఎంచుకున్నారు. భద్రాద్రిలో మనం కాకతీయాన్ని ఎంచుకోలేదు.

ఫ్లోరెన్స్ వాస్తుకారుడు బ్రూనెలెస్కీ రోమ్ శిథిలాల మధ్య తిరిగి కొలతలు తీసుకున్నాడంటారు. రామప్ప స్తంభాలను మన శిల్ప విద్యార్థులు అలా అంగుళం అంగుళం కొలవాలి, ఆ కొలతలతో ఒక కొత్త గుడి కట్టాలి. అప్పుడు మిగిలిన ఈ కాస్త ఇనుమూ అరిగిపోయినా నాకు బాధ లేదు.