పండిట్‌కు మద్దతు ధర

1,490 రూపాయల 73 పైసలు. ఆంధ్రప్రదేశ్‌లో క్వింటా తోతాపురి మామిడికి కేంద్రం 2025 జూలైలో ఖరారు చేసిన ధర ఇది. గుండుగుత్తగా పదిహేను వందలు అనేయొచ్చు. అనలేదు. 73 పైసల దగ్గర ఎవరో అధికారి కళ్లజోడు సర్దుకుని, కాలిక్యులేటర్ మళ్లీ నొక్కి, ఇంకో పైసా పెంచితే ఖజానా కుంగుతుందని, ఓ పైసా తగ్గిస్తే రైతు కుంగుతాడని తేల్చుకుని సంతకం పెట్టినట్టున్నాడు. లక్షా 62 వేల టన్నులకు ఈ ధర. భారంలో కేంద్రం సగం, రాష్ట్రం సగం. అంతకుముందే రాష్ట్రం కిలోకు పన్నెండు రూపాయలు దక్కాలని ప్రకటించింది. అందులో గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లు ఎనిమిది ఇవ్వాలంది, ప్రభుత్వం నాలుగు కలుపుతుందంది.

రైతును చూసి నాకు కడుపుమంట లేదు. నూజివీడులో పుట్టినవాడెవడూ మామిడి రైతును చూసి కుళ్లుకోడు. పూతకు తేనెమంచు పురుగు, పిందెకు నల్ల తామర పురుగు, కాయ ముదిరే వేళకు ఈదురుగాలి, ఇవన్నీ తప్పించుకుని మార్కెట్‌కు చేరిన కాయకు తరుగు తీసే కమీషన్ వ్యాపారి. ఇన్ని గండాలు దాటి వచ్చిన నాలుగు రూపాయలు కోత కూలికి సరిపోతే గొప్ప. పైగా ఇది చిత్తూరు వైపు గోడు. మేం కలెక్టర్ కాయ అని పిలిచే రకానికి వచ్చిన వరం. మా చిన్నరసాలకు ఇందులో ఏమీ లేదు, ఆ 73 పైసలు కూడా.

నన్ను గుచ్చింది వేరే సంగతి. 2025 జూలై 29కి జాతీయ విద్యా విధానం వచ్చి ఐదేళ్లు నిండాయి. ఢిల్లీలో భారత్ మండపంలో పెద్ద పండగ జరిగింది. ఆ విధాన పత్రంలో 5.2 అని ఒక పేరా ఉంది. చురుకైనవాళ్లు, ముఖ్యంగా పల్లెటూరి పిల్లలు, పంతులు ఉద్యోగం వైపు రావాలని, వాళ్లు నాలుగేళ్ల బి.ఎడ్. చదువుకునేందుకు దేశమంతటా పెద్ద సంఖ్యలో మెరిట్ స్కాలర్‌షిప్పులు పెట్టాలని రాసుంది. గ్రామీణ ప్రాంతాలకు ఇంకా ప్రత్యేకం. చదువు కాగానే సొంత ప్రాంతంలోనే ఉద్యోగానికి ప్రాధాన్యం. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. ఆ పేరాలోంచి రాలిపడ్డ స్కాలర్‌షిప్పు అందుకుని తెలుగు టీచరు కాబోతున్న మనిషిని, ఆగిరిపల్లి నుంచి చాట్రాయి దాకా, నేనైతే ఒక్కరిని చూడలేదు. మీకెవరైనా కనపడితే ఈ పత్రికకు ఓ కార్డు ముక్క రాయండి. ఫొటోతో సహా వేయిస్తాను.

ఐదేళ్లయినా పంతులు లెక్క తేలలేదు. మామిడి లెక్క ఒక్క సీజన్లో పైసలతో సహా తేలింది. ఇందులో కిటుకు ఏమిటా అని ఆలోచించగా ఆలోచించగా తట్టింది. మన పిల్లలు చేసిన తప్పల్లా మనుషులుగా దరఖాస్తు పెట్టుకోవడమే.

కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపం ఏమంటే, బడుల్లో తెలుగు చెప్పడానికి శిక్షణ పొందుతున్నవాళ్లను తక్షణం ఉద్యాన పంటగా ప్రకటించాలి.

ముందు ఈ-పంట నమోదు. గ్రామ సచివాలయం నుంచి ఉద్యాన సహాయకుడు వస్తాడు. శిక్షణార్థిని తోటలో రెండు చెట్ల నడుమ నిలబెట్టి, అక్షాంశ రేఖాంశాలు పడేలా ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కిస్తాడు. పంట: తెలుగు పండిట్. రకం: బి.ఎడ్. మొక్క వయసు: ఇరవై మూడేళ్లు. నీటి వసతి: హాస్టల్ మెస్, వర్షాధారం. ఆ తర్వాత ఈ-కేవైసీ. మామిడి చెట్టుకైతే రైతు వచ్చి వేలిముద్ర వేయాలి. మన పంట తన వేలిముద్ర తనే వేసుకోగలదు. శాఖకు ఎంత శ్రమ తప్పిందో చూడండి.

ఇక తూకం. మెస్ బిల్లు బాకీ ఉన్న పిల్ల యాభై కిలోలకు మించి తూగదు కాబట్టి అర క్వింటా అనుకుందాం. 745 రూపాయల 36 పైసలు, పైన అర పైసా. ఆ అర పైసాను కేంద్రం, రాష్ట్రం చెరి పావు పైసా చొప్పున భరించాలి, లేకపోతే సమాఖ్య స్ఫూర్తికి భంగం. రాష్ట్రం ఇచ్చే నాలుగు రూపాయల లెక్కనైతే రెండు వందలు. టీచింగ్ ప్రాక్టీసుకు చార్టులు, స్కెచ్ పెన్నులు కొనుక్కోవడానికే చాలవు, నిజమే. కానీ ఇది పంట డబ్బు, ఖాతాలో పడుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి అలా కాదు. గత ప్రభుత్వం తల్లి ఖాతాలో వేస్తానంది. ఈ ప్రభుత్వం కాలేజీ ఖాతాలో వేస్తానంది. ఏ ఖాతాలో ఆలస్యంగా పడాలన్న దగ్గరే ఇద్దరికీ విధానపరమైన విభేదం.

పంట అన్నాక చీడపీడలుంటాయి. వాటిలో మొదటిది జీవో 77. 2020 డిసెంబరులో పుట్టింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రాకుండా చేసింది. ఎం.ఏ. తెలుగు చేసి పంతులవుదామనుకున్నవాళ్లకు పూత మీదే సోకింది. మేమొస్తే ఏరిపారేస్తామన్నవాళ్లు వచ్చి ఏడాది దాటిన 2025 జూలైలోనూ పురుగు ఆరోగ్యంగానే ఉంది. నూజివీడులో మామిడి పరిశోధనా స్థానం ఉండనే ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు జీవో నకలొకటి పంపితే మందు ఏదైనా చెబుతారేమో. వేపనూనెకు లొంగదని నా అనుమానం.

రకాల జాబితాలో ఒక చిక్కుంది, దాన్నీ సవరించాలి. బి.ఎడ్. కోసం ఎడ్‌సెట్ రాసేవాళ్లు ఎంచుకోవాల్సిన మెథడాలజీలు ఐదు: గణితం, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం, ఇంగ్లీషు. తెలుగు కోసం కిందికి పైకి వెతక్కండి, లేదు. తెలుగుకు పండిట్ ట్రైనింగ్ అని పక్క సందులోంచి వేరే దారి. ఆ దారిన వెళ్లి హైస్కూల్లో పదో తరగతి దాకా పాఠాలు చెప్పి, సెకండరీ గ్రేడ్ టీచరు జీతం తీసుకుని రిటైరైన పండిట్లు మన మధ్య తరాల కొద్దీ ఉన్నారు. కాయ హైస్కూలుది, కట్టిన ధర ఎలిమెంటరీది. తరుగంటే అదీ. నున్న మామిడి మార్కెట్లో ఏ వ్యాపారికీ అంత ధైర్యం ఉండదు.

కాపు విషయం ఉద్యాన శాఖకు కొత్తేం కాదు. మామిడి ఓ ఏడాది విరగకాసి మరుసటేడు మానుకుంటుంది. మన పంటకు ఆ గుణం కాస్త ఎక్కువ. టీచర్ల నియామకాల డీఎస్సీ 2018లో కాసింది, మళ్లీ 2025లో 16,347 పోస్టులతో కాసింది. నడుమ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టుల పూత వచ్చి రాలిపోయింది. ఏడేళ్లపాటు కాయని చెట్టును ఏ రైతైనా నరికి కట్టెల అడితికి తోలేస్తాడు. మన చెట్లు ఆ ఏడేళ్లూ ట్యూషన్లు చెప్పుకుని, సెల్‌ఫోన్ షాపుల్లో రీచార్జీలు చేసి, తమకు తామే నీళ్లు పోసుకుని నిలబడ్డాయి. ఇంత మొండి రకం మీద పరిశోధన జరగకపోవడం దేశానికి నష్టం.

మరి ధర ఎప్పుడు ప్రకటిస్తారు? దీనికి చిత్తూరు దారి చూపించింది. 2025 జూలైలో బంగారుపాళ్యంలో మామిడి కాయలు రోడ్డు మీద పడ్డాయి. ఎవరు పారబోశారన్నది మీరు ఏ పేపరు వేయించుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. పడ్డాయన్నది మాత్రం అన్ని పేపర్లూ ఒప్పుకున్నాయి. ఆ తర్వాత రెండు వారాలకల్లా 73 పైసలు బయటికొచ్చాయి. కాబట్టి మన శిక్షణార్థులను ట్రాక్టర్లలో తెచ్చి నూజివీడు గాంధీ బొమ్మ దగ్గరో మరో కూడలిలోనో పారబోయాలి. ట్రాక్టరు తొట్టి పైకి లేస్తుంది, పండిట్లు జారి పడతారు, చేతుల్లోంచి పాఠ్య పథకాల రికార్డులు చెల్లాచెదురవుతాయి, టీవీలవాళ్లు డ్రోన్లు ఎగరేస్తారు. అలా కాకుండా తమంతట తాము నడిచి వచ్చి రోడ్డు మీద కూర్చుంటే అది ధర్నా అవుతుంది. ధర్నాకు వ్యాను వస్తుంది, ధర రాదు.

ఎగుమతి మాటా చెప్పుకోవాలి. ఇంగ్లండులో 2025-26లో బడిలో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ చెప్పడానికి శిక్షణలో చేరేవాళ్లకు ప్రభుత్వం 26,000 పౌండ్ల బర్సరీ ప్రకటించింది. ఇంకాస్త పోటీపడి స్కాలర్‌షిప్పే తెచ్చుకుంటే 28,000. మన డబ్బులో ముప్పై లక్షలకు అటూ ఇటూ. పన్ను లేదు, తిరిగి కట్టక్కర్లేదు. అదీ సొంత భాషకు కాదు, పక్క దేశాలవాళ్ల భాషలకు! చెప్పేవాళ్లు దొరకడం లేదట, అందుకని డబ్బు పెట్టి రప్పించుకుంటున్నారు. పాపం, వాళ్లకు మామిడి తోటల్లేవు. ఉంటే వాళ్లూ ఇలా మనుషుల మీద తగలేసేవాళ్లు కాదు. మన దగ్గర సంస్థానాల రోజుల్లో పండితుడికి వర్షాశనమని ఏటా ఇంత ముట్టేది. జమీందార్లు పోయారు, మంచిదే అయింది. వర్షాశనం కూడా వాళ్ల వెంటే పోవాలని ఎవరు రాశారో తెలియదు.

మే నెలలో ముసునూరు వైపు ఓ గ్రేడింగ్ షెడ్డుకు రసాల కోసం వెళ్లాను. ట్రేల దగ్గర పదిమంది ఆడవాళ్లు. అందులో ఒక పిల్ల కాయకు తొడిమ తుంచడం, సొన కారేలా బోర్లించడం, తుడిచి ట్రేలో సర్దడం అలవాటైన చేత్తో చేస్తోంది. ట్రే అడుగున పరిచే పాత పేపర్లో అచ్చుతప్పు కనపడ్డప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, దాని కింద గోటితో గీత గీసి, ఆ మీదట కాయ పెడుతోంది. పక్కన గోనెసంచి మీద డీఎస్సీ గైడు, తిరగేసి పెట్టుంది.

"ఏమ్మా, సెలవులకొచ్చావా?" అన్నాను.

"సెలవులేంటండి బాబాయ్ గారూ, నా చదువు నిరుడే అయిపోయింది. కాలేజీలో ఫీజు బాకీ ఉందండి. కడితేగానీ సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు."

"గవర్నమెంటు కడుతుందిగా?"

"కడతారనే చేరానండి" అంది. ఆ పథకం తాలూకు వేలిముద్రకని సచివాలయానికి వెళ్తే సొన పడి తోలు ఊడిన వేళ్లు మిషను మీద పడలేదట. నయమయ్యాక రమ్మన్నారట. "లెక్కలు తీసుకోవే, ట్యూషన్లన్నా వస్తాయని ఇంట్లో ఒకటే పోరండి. నాకేమో చిన్నప్పట్నుంచీ తెలుగు మాస్టారి పిచ్చి" అని నవ్వి మళ్లీ ట్రే మీదికి వంగింది.

ఫీజు కోసం సొనలో చెయ్యి పెట్టాలి. సొనలో చెయ్యి పెడితే వేలిముద్ర పడదు. వేలిముద్ర పడకపోతే ఫీజు రాదు. దీన్ని పథకమంటున్నాం.

ఆ పిల్ల డీఎస్సీ రాసింది. పేపరు బాగా చేసింది. రేపు పేరు వస్తుంది, సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుస్తారు. పిలిచేది ప్రభుత్వం. ఒరిజినల్ ఏదమ్మా అని అడిగేదీ ప్రభుత్వమే. ఆ ఒరిజినల్ కాలేజీ బీరువాలో చిక్కుకున్నది ప్రభుత్వం బాకీ వల్ల. ఇప్పుడు వాళ్లమ్మ మెడలో ఉన్నదేదో తాకట్టుకు వెళ్లాలి. సర్కారు బాకీ ఆ ఇల్లు తీర్చాలి, తీర్చాక సర్కారు ఉద్యోగమిస్తుంది, ఆగస్టు 29న గిడుగు వారి జయంతికి శాలువా కప్పి మాతృభాష గొప్పతనం మీద ఆ పిల్ల చేతే మాట్లాడిస్తుంది. సిగ్గుండాలి. ఆమె మిమ్మల్ని దానమడగలేదు. చదువుకో, ఫీజు మేం కడతామని మాటిచ్చింది మీరు. చదివింది. పాసయింది. తన వాటా అణాపైసలతో సహా తీర్చేసింది. బాకీ ఉన్నది మీరు. మామిడి కాయకు 73 పైసలు లెక్కగట్టగలిగిన చేతికి ఈ లెక్క రాదంటే నేను నమ్మను. రాదనుకోవడం మీకు లాభం, అంతే.

ఢిల్లీ పేరా సంగతి ఢిల్లీవాళ్లనే చెప్పమనండి, ఎన్ని స్కాలర్‌షిప్పులు ఇచ్చారో, ఏ ఊరి పిల్లలకో. అమరావతి వారిని అడిగేది మాత్రం ఒక్కటే. సర్టిఫికెట్ల పరిశీలన లోపే ఆ బకాయి కట్టండి. డబ్బుల్లేవంటారా, ఓ తెల్లకాగితం మీద 'ఈ అభ్యర్థిని కాలేజీకి బాకీ లేదు, బాకీ మేమే ఉన్నాం' అని రాసి, కిందో ఐఏఎస్ అధికారి సంతకం పెట్టించి ఇవ్వండి. పరిశీలన రోజున ఒరిజినల్‌కు బదులు ఆ కాగితమే చెల్లుతుందని జీవో ఇవ్వండి. 78 అని నంబరు వేసినా మాకు అభ్యంతరం లేదు.