‘పిష్టపేషణి’ అను బ్రెడ్డు వ్యాఖ్య

మూలం

“ఏముంది మాస్టారూ! అన్నీ అందులో పడేసి బటన్ నొక్కడమే. తెల్లారేసరికి వేడి వేడి బ్రెడ్డు. నేనే చేశాను.”

అవతారిక

మా పై అంతస్తులో ఉండే రిటైరైన పెద్దమనిషికి వారబ్బాయి అమెరికా నుంచి బ్రెడ్డు మిషన్ తెచ్చి ఇచ్చాడు. అది మొదలు ఆయన లిఫ్టులోను, వాచ్‌మన్ గది దగ్గరను, అసోసియేషన్ మీటింగులో నీళ్ల ట్యాంకర్ల చర్చ నడుమను పై వాక్యచతుష్టయాన్ని ఉపదేశిస్తున్నారు. చూడటానికి చిన్నదే అయినా అర్థగాంభీర్యం మెండుగా ఉన్నందున దీనికి ‘పిష్టపేషణి’ అనే వ్యాఖ్య సమకూర్చబడుతున్నది. విసిరిన పిండినే మళ్లీ విసరడం దోషమని పెద్దలంటారు. పిండిని గురించిన వ్యాఖ్యకు అది గుణమే అవుతుందని నా మనవి.

మెదక్ సీమకు చెందిన కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటాను. రెండోది పెట్టుకుంటే ఈ వ్యాఖ్య ఇక్కడే ఆగిపోతుంది.

టీక

మాస్టారూ, అందులో, బటన్: స్పష్టం.

ఏముంది: ఇది ప్రశ్న కాదు, ఆక్షేపం. ఏమీ లేదని భావం. ఉన్నవేవనగా: అమెరికా మిషన్ 120 వోల్టులది గనుక మన 230 వోల్టుల కరెంటును దానికి తగినట్టు దించే ట్రాన్స్‌ఫార్మరు, దాని రొద, దానికి వంటగట్టు మీద చోటు, ఆ చోట నిన్నటిదాకా ఉన్న గ్రైండరు, ఆ గ్రైండరు చేరిన బాల్కనీ. కరెంటు పోవడం కూడా ఉంది. పిండి పొంగుతుండగా కరెంటు పోతే చాలా మిషన్లకు ఎక్కడ ఆగాయో గుర్తుండదు. కొన్నిటికి పది నిమిషాల పాటు జ్ఞాపకం నిలుస్తుందట. మన సబ్‌స్టేషన్లకు పది నిమిషాలు ఒక లెక్కా! ఇన్వర్టరు సంగతి అడగవద్దు. అది ఫ్యాన్లకూ లైట్లకూ మాత్రమే అని ఎలక్ట్రీషియన్ ఎన్నడో తేల్చేశాడు.

అన్నీ: సర్వనామమే కదా అని తేలిగ్గా తీసుకోరాదు. అర కిలో మైదా, మూడు వందల మిల్లీలీటర్లకు కాస్త పైన నీళ్లు, ఉప్పు, చక్కెర, నూనె, చెంచాడు ఈస్టు అని అర్థం. వీటిని వేసే క్రమంలో పాఠభేదం ఉంది. ముందు నీళ్లు పోసి, పైన పిండి వేసి, పిండి నడినెత్తిన గుంట చేసి ఈస్టు ఉంచాలనేవారు జలపూర్వవాదులు. ఈస్టు అట్టడుగున, ఆపైన పిండి, అన్నిటికీ మీద నీళ్లు అనేది పానసోనిక్ సంప్రదాయం. రెండు మతాల వారూ ఒక్క విషయంలో ఏకీభవిస్తారు. టైమర్ పెట్టి పడుకున్నప్పుడు మిషన్ తిరిగే ముహూర్తం దాకా నీళ్లూ ఈస్టూ ఒకదాన్నొకటి తాకరాదు. జీలకర్ర బెల్లం పెట్టేవరకు వధూవరుల మధ్య తెరసెల్ల పట్టినట్టు, పిండి వాటి నడుమ నిలవాలి. ముందే కలిస్తే ఈస్టు అర్ధరాత్రే పనిలోకి దిగి, అసలు వేళకు అలిసిపోతుంది.

పడేసి: ఇంత విధి ఉన్న కార్యానికి ఈ క్రియాపదం చెల్లదు. ఆయన మొదట్లో నిజంగానే పడేశారు. అదీ చక్కీలో ఆడించిన గోధుమపిండిని. ఆ పిండి మైదాకన్నా ఎక్కువ నీళ్లు తాగుతుంది. పైగా అందులోని పొట్టు గ్లూటెన్ సాగుడును తెంపుతుంటుంది. మైదా కొలతకు నీళ్లు పోస్తే రొట్టె పైకి లేవనని మొండికేస్తుంది. ఆ రొట్టెను ఏ అంతస్తుకు దానం చేశారో శాసనాధారం లేదు. మన వంటిళ్లలో పిండికి నీళ్లెన్ని అని అడిగితే ‘పట్టినన్ని’ అంటారు. ఎంత పడుతుందో చేతికి తెలుస్తుంది. మిషన్‌కు చెయ్యి లేదు గనుక త్రాసు కావాలి.

తెల్లారేసరికి: మామూలు బ్రెడ్డుకు మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆరింటికి రొట్టె కావాలంటే రెండింటికి పిసకడం మొదలవ్వాలి. నా పడకగది సరిగ్గా ఆ వంటగది కింద ఉంది. ఆ వేళ జరిగే మర్దనానికి ప్రత్యక్షం, అనుమానం అనే ప్రమాణాలు నాకు అక్కరలేదు. శబ్దప్రమాణం చాలు.

నేనే చేశాను: ఇక్కడ కొంత విస్తరించక తప్పదు.

శంక: బటన్ నొక్కినవాడు కర్త కాడా? సమాధానం: తెలుగుకు ‘చేయించు’ అనే క్రియ ఒకటి ఉంది. మన శాసనకర్తలు దాని విలువ ఎరిగినవారు. చెరువు తవ్వించారు, గుడి కట్టించారు, సత్రం వేయించారు. పాలంపేట గుడిని చూడండి. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినట్టు 1213 నాటి శాసనం చెబుతోంది. సేనలను నడిపినవాడు, రాజు పక్కన నిలిచినవాడు, ఆయనే ‘కట్టించిన’ దగ్గర ఆగాడు. జనం ఇంకా ఒక అడుగు ముందుకు వేశారు. కట్టించినవాణ్ణి పక్కనపెట్టి రామప్ప గుడి అన్నారు. రామప్ప అక్కడి శిల్పి అని చెప్పుకుంటారు. ప్రభువు పేరు కాదని ఉలి పట్టినవాడి పేరు నిలిచిన గుడులు ఈ దేశంలో ఎన్నున్నాయి? 2021లో యునెస్కో జాబితాకెక్కినప్పుడు కూడా ఆ పేరే వెంట వచ్చింది. నీళ్లలో తేలే ఇటుకల గురించి, మండపంలో స్తంభాల నునుపు గురించి, ఆ నల్లరాతి మదనికల గురించి చెప్పాలని ఉంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లి చూడాలి వాటిని. ఒక్కొక్కదాని దగ్గర ఒక పూట నిలబడవచ్చు.

బ్రెడ్డు.

ఇప్పుడు ఈ రొట్టెకు రామప్ప ఎవరు? 1980లలో జపాన్‌లో మత్సుషితా కంపెనీ ఇంటి బ్రెడ్డు మిషన్ తయారుచేయబోతే పైన మాడి, లోపల పచ్చిగా మిగిలే రొట్టెలే వచ్చాయి. ఆ కంపెనీలో ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఉండేది. ఆమె ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో రొట్టెల పెద్ద వంటగాడి దగ్గర శిష్యురాలిగా చేరి పిసకడం నేర్చుకుంది. ఆయన పిండిని ఊరికే సాగదీయడం లేదు, సాగదీస్తూ మెలితిప్పుతున్నాడని ఆమె కనిపెట్టింది. ఇంజినీర్లు ఆ మెలికను గిన్నె లోపలి గట్లలోకి, తెడ్డు తిరుగుడులోకి దించారు. 1987లో మిషన్ బజారుకు వచ్చింది.

కాబట్టి కారకనిర్ణయం ఇలా ఉంటుంది. కర్త ఒసాకా వంటగాడు. కరణం మిషన్. కర్మ బ్రెడ్డు. సంప్రదానం మనం. మూలంలో ‘నేను’ అన్న పెద్దమనిషి ఆ సమయాన ఆ ఇంట్లోనే ఉన్నారు గనుక ఆయన అధికరణం.

మరొకరు మిగిలారు. ఆయన ఇల్లాలు ఎన్నో ఏళ్లుగా రోజూ రాత్రి పుల్కాలకు పిండి కలుపుతున్నారు. ఆవిడ లిఫ్టులో ‘నేనే చేశాను’ అనగా విన్నవారు లేరు. రొట్టె తీశాక గిన్నె అడుగున తెడ్డు ఇరుసుకు కరుచుకుపోతుంది. వేడినీళ్లు పోసి, నానబెట్టి, ఊడదీసి, సందుల్లో పిండి గీకి కడగాలి. కడిగేది ఎవరో మూలంలో లేదు. ‘అన్నీ’లో ఆవిడ చేరరు. ‘ఏముంది’లో చేరతారు.

మిషన్ మంచిదే. మణికట్టు నొప్పి ఉన్నవారికి అది వరం. బ్రెడ్డులో ఏం పోస్తున్నామో మనకు తెలియడమూ మంచిదే. 2016 దాకా బ్రెడ్డు పిండిలో పొటాషియం బ్రోమేటు కలపడానికి మన దేశంలో అనుమతి ఉండేది మరి. ఇంట్లో ఇంత పని ఎవరు చేస్తున్నా పట్టనివాడు, మిషన్ చేసిపెట్టిన ఒక్క పనిని ఊరంతా చాటుకోవడమే నాకు మింగుడుపడటం లేదు. రొట్టె సంగతి తరువాత.

వేడి వేడి: ఆమ్రేడితం. దోషం కూడా. బ్రెడ్డును పొయ్యి మీది దోసెలా తినరాదు. గంటసేపన్నా చల్లారితేగాని లోపలి మెత్తదనం కుదురుకోదు. వేడిగా కోస్తే కత్తికి బంకలా అంటుతుంది. చల్లారాలి కదా అని మిషన్‌లోనే వదిలేసి వాకింగుకు వెళితే ఆవిరి పట్టి పైపొర చెమరుస్తుంది. తెడ్డు ఉన్నచోట రొట్టె అడుగున చిల్లు పడుతుంది. ఆ చిల్లున్న ముక్కలు ఎవరికి వెళతాయో కింది అంతస్తువారికి తెలుసు.

బ్రెడ్డు: మన ఇళ్లలో ఇది జ్వరపథ్యం. ఒళ్లు చల్లబడ్డాక పాలలో ముంచి పెట్టేవారు. ఆ సంస్కారం బలం ఎంతటిదంటే, ఆయన ప్లేటు చేతిలో పెట్టి “ఎలా ఉంది?” అని అడగ్గానే “ఫర్వాలేదండీ, నిన్నటికంటే నయం” అని నోటికి వచ్చేసింది. ఆయన సంతోషించారు.

విశేషం

కొన్న బ్రెడ్డులా ఇందులో నిలవ ఉంచే మందు ఉండదు. రెండోనాటికి బిరుసెక్కుతుంది. వానాకాలమైతే మూడోనాటికి బూజు కనిపించవచ్చు. మిషన్ అర రొట్టె చేయదు. ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఆవిడకు పొద్దున ఇడ్లీ ఉండాలి.

తాత్పర్యం

ఆయనింట బ్రెడ్డు మిగిలినది. మనింటికి వచ్చుచున్నది.