పల్లెవెలుగు ప్రబంధము

కావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు ఆలంకారికులు. కామారెడ్డిలో కాపురముంటూ, ఎల్లారెడ్డిలో ఒకానొక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా రోజూ అప్‌డౌన్ చేస్తూ, ఆ మధ్యలోనే కథలు రాసే మన నాయకుడికి వాటిలో సముద్రం ఒక్కటే కరువు. దాని బదులు నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట మంజీరనైతే ఆపగలిగింది. నాయకుడి టేబుల్ మీదికి పారే టపాలకు అడ్డుకట్ట వేసే ఇంజనీరు మాత్రం ఇంకా పుట్టలేదు.

నాయకుడు ధీరోదాత్తుడు కాడు, ధీరశాంతుడు. ఫైలు ఆలస్యమైన రోజు పై అధికారి ఎదుట ధీరత్వం జారిపోయి ఉత్త శాంతుడే మిగులుతాడు. ఆయుధం ఐదు రూపాయల బాల్‌పెన్ను. దాని టోపీ ఎప్పుడో పోయింది గనక జేబులోనే సిరా కక్కి, సరిగ్గా గుండె మీద నీలి కౌస్తుభం అలంకరిస్తుంది. కవచం, ఒకవైపు ఖాళీగా ఉన్న పాత ప్రింటవుట్లు, నాలుగు మడతలు.

ఇక యుద్ధము. పొద్దున్నే బెల్లానికి పేరుపడ్డ కామారెడ్డి బస్టాండు కురుక్షేత్రమవుతుంది. ఎల్లారెడ్డి పల్లెవెలుగు బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి దస్తీలు, టిఫిన్ డబ్బాలు, ఒక గొడుగు, బడిపిల్లవాడి బ్యాగు దివ్యాస్త్రాలై సీట్ల మీద పడతాయి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం అవతరించి ఆడవాళ్లకు జీరో టికెట్టుతో ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి సేనలు పెరిగాయి. ఛార్జీలకు వెనకాడి ఇంట్లో ఆగిపోయినవాళ్లు దవాఖానకు, కాలేజీకి, కూలికి కదిలారు. అందుకు నాయకుడు మనసులో సంతోషిస్తాడు, బస్సులో నిలబడతాడు.

దైవం కలిసొచ్చిన నాడు వెనక చక్రం మీది సీటు దొరుకుతుంది. దాదాపు 40 కిలోమీటర్ల ఈ దారిలో అతని రాత చూసి ఏ వాక్యం ఏ ఊళ్లో పుట్టిందో చెప్పేయొచ్చు. పట్టణం దాటే లోపల, బస్సు ఆగి ఆగి కదిలేటప్పటి అక్షరాలు ముత్యాలు. తాడ్వాయి స్పీడ్‌బ్రేకరు మీద గుడిదీర్ఘం ఎగిరి పై వరుసలోని సున్నాను పొడుస్తుంది. ఆ తర్వాత రెండు వరుసలు దేవనాగరిలా ఉంటాయి, అతను కూడా చదవలేడు. లింగంపేటలో జనం దిగి, జనం ఎక్కేదాకా బస్సు ఆగుతుంది గనక కథానాయిక నోరు విప్పేది అక్కడే. నాలుగు మాటలు ఆడిందో లేదో, కండక్టరు “రైట్ రైట్” అంటాడు. అందుకే ఆమె మితభాషిణి. విమర్శకులు దాన్ని శిల్పమంటే అనుకోనీండి.

“ఏం రాస్తున్నవ్ సారూ? పద్దులా?” పక్క సీటు పెద్దమ్మ అడుగుతుంది.

“ఆ, పద్దులే పెద్దమ్మా.”

“నా పింఛన్ ఎప్పుడొస్తదో అండ్ల జర సూడరాదు?”

మర్నాడు ఆ పెద్దమ్మ కథలోకి ఎక్కింది, జీరో టికెట్టు మీదే.

ఈ విద్య మనవాడు కనిపెట్టింది కాదు. ఇంగ్లండు తపాలా శాఖ ఉద్యోగి ఆంథొనీ ట్రాలప్, డ్యూటీ మీద ఊళ్లు తిరుగుతూ రైలు పెట్టెలో ఒళ్లో చిన్న బల్ల పెట్టుకుని పెన్సిలుతో రాసేవాడు. 1857లో వచ్చిన ‘బార్చెస్టర్ టవర్స్’ నవలలో చాలా భాగం అలా పట్టాల మీద పుట్టిందే. తర్వాత భార్య సాఫు రాసిచ్చేది. ఎల్లారెడ్డికి రైలు లేదు. నాయకుడికి భార్య ఉంది గానీ ఆమె టీచరు, బాన్సువాడకు అప్‌డౌన్. ఆమె బస్సు వేరు, ఆమె దిద్దే నోటుపుస్తకాలు వేరు.

అంత దూరమెందుకు, 2016 దాకా కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలోదే కదా. ఆ నిజామాబాద్ ఖిల్లా జైల్లో కవి దాశరథి గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. ఆయనకు కాగితం లేదు. మనవాడికి రీములకు రీములు. అయినా ఈ పోలిక తేవడం నాదే తెంపరితనం, ఆయనది జైలు, ఇతనిది ఒకటో తారీఖు జీతం.

మధ్యాహ్న వర్ణన క్లుప్తం: టపాలు, చాయ్, టపాలు. సోమవారమైతే ప్రజావాణి అర్జీలు అదనం. ఆదివారం సంగతి చెప్పనే కూడదు. పూటకు పూట ఖాళీ, టేబులుంది, ఫ్యానుంది, ఒక్క ముక్క పడదు. కుదుపు లేనిదే అక్షరం కదలని స్థితికొచ్చాడు.

2025 ఆగస్టు చివర వాన కామారెడ్డి మీద పగబట్టింది. కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, రోడ్లు తెగాయి. బస్సు లేదు, కాబట్టి కథా లేదు. నీళ్లు తీశాక నాయకుడు వ్యవసాయ శాఖ వాళ్ల వెంట పొలాలు తిరిగి ఒక మహాగ్రంథమే రాశాడు, పంట నష్టం జాబితా. రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు. ఇసుక మేట వేసిన వరి మడి గట్టున ఒక రైతు “నా పేరు సక్కగ రాసినవా సారూ?” అని రెండుసార్లు అడిగి, కాగితం దగ్గరికి తీసుకుని ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చదువుకున్నాడు. అచ్చయిన కథల్లో దేన్నీ ఎవరూ అంత శ్రద్ధగా చదివిన దాఖలా లేదు.

ఆ జాబితా చిత్తుప్రతుల వెనకవైపే కొత్త కథ మొదలైంది. సగంలో ఒక పుట మాయం. సంచీ, బీరువా, టిఫిన్ డబ్బా కింద వేసిన పేపరు దాకా వెతికాడు. విప్రలంభ శృంగారం ఇంతకన్నా ఎవరూ అనుభవించి ఉండరు. తీరా చూస్తే అది అసలు జాబితాలో కలిసి పై ఆఫీసుకు వెళ్లింది. ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకుంది, నంబరు పొందింది, మూడు బల్లలు తిరిగి తిరుగు టపాలో వచ్చింది. నాయిక పుట్టింటికి వెళ్లిపోతానని లింగంపేటలో బస్సు దిగే ఘట్టం పక్కన ఎర్ర సిరాతో ఒక నోటు ఉంది: “పరిశీలించి, తగు చర్య తీసుకుని, మూడు రోజుల్లో నివేదిక పంపవలెను.”

ఆ సాయంత్రం తిరుగు బస్సులో నాయకుడు ఆమెను వెనక్కి రప్పించే పనిలో పడ్డాడు. సీటు దొరకలేదు. ఒక చేత్తో రాడ్డు పట్టుకుని రాశాడు.