వంకర లేని వైడన్న

వైడన్న పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లలో ఒక రకం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఈ రకం బాగా కనిపిస్తుంది. ఇతని దగ్గర ఒక కెమెరా బాడీ, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు, ముఖాల కోసం విడిగా కొన్న 50 ఎం.ఎం. లెన్సు, పేర్లు మాత్రం మార్చుకుంటూ పెళ్లి పెళ్లికీ వాడే ఒక ఆల్బమ్ డిజైను ఉంటాయి. లేనిదల్లా వైడ్ యాంగిల్ లెన్సు. అదీ అల్లాటప్పాది పనికిరాదు. గోడ గోడలాగే రావాలి, అంచుల్లో గీత వంగకూడదు, ధర మాత్రం ఒక్క లగ్గం బయానాలో తేలిపోవాలి. ఈ మూడూ కలిసిన లెన్సును ఏ కంపెనీ చేయలేదని అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన వెతకడం మానాలని ఎక్కడా లేదు.

లగ్గాల సీజన్లో వైడన్నకు ఊపిరాడదు కాబట్టి వెతుకులాటంతా మూఢాల్లో, ఆషాఢంలో సాగుతుంది. సగం షట్టరు దించిన స్టూడియోలో పగలంతా లెన్సుల వీడియోలు నడుస్తుంటాయి. పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చిన మనిషి అరగంట కూర్చుని, బ్యారెల్ డిస్టార్షన్ అంటే ఏమిటో తెలుసుకుని, ఫొటో దిగడం మరిచిపోయి వెళ్లడం కూడా కద్దు.

అవసరం మాత్రం నిజమైనదే. చిన్న సెన్సరు కెమెరాలో 18 ఎం.ఎం. దగ్గర మూల నుంచి మూలకు పట్టేది సుమారు 74 డిగ్రీలు. తొట్టెల వేడుక జరిగే ముందు గదిలో తొట్టెల, పసిబిడ్డ, మేనత్తలు, పుట్టింటివాళ్లు తెచ్చిన గిన్నెలు అన్నీ ఒకే ఫొటోలో రావాలంటే ఆ కోణం చాలదు. వెనక్కి జరుగుదామంటే వెనక గోడ ఉంటుంది. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) షెడ్లలో ఇంకా ఇరుకు. సాంచకూ సాంచకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే. ఈ సాంచాల మీద నేసిన బతుకమ్మ చీరల పంపిణీ 2017లో మొదలయ్యాక ఆ షెడ్లలోకి కెమెరాలు పట్టుకుని వెళ్లినవాళ్లందరికీ ఆ సందులు తెలుసు. 10 ఎం.ఎం. లెన్సయితే అదే కెమెరాలో 107 డిగ్రీలు పడతాయి. షెడ్డు మొత్తం వస్తుంది. ఎవరో ఒకరి మోచేయి కూడా వస్తుంది.

చవగ్గా, వెడల్పుగా, వంకర లేకుండా లెన్సు చేయడం ఎందుకు కష్టమో వైడన్నకు కంఠతా వచ్చు. ఆల్బమ్ ధర తగ్గించమని బేరమాడే పెళ్లిపెద్దకు కూడా ఇదే వినిపిస్తాడు. లెన్సులో ముందు సగం, వెనక సగం ఒకదానికొకటి ప్రతిబింబంలా ఉంటే ముందుది పెట్టిన వంపును వెనకది తీసేస్తుంది. లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన బయోగన్ ఈ పద్ధతిదే. 1954లో హాసెల్‌బ్లాడ్ వెడల్పు కెమెరాకు బిగించిన 38 ఎం.ఎం. బయోగన్‌లో గీత దాదాపు వంగదు. కానీ అలాంటి లెన్సు ఫిల్ముకు బాగా దగ్గరగా కూర్చోవాలి. అద్దం ఉన్న కెమెరాలో మధ్యలో ఆ అద్దం ఆడుతుంటుంది. కానన్ ఇ.ఎఫ్. మౌంటుకూ సెన్సరుకూ మధ్య దూరం 44 మి.మీ., నికాన్ ఎఫ్. మౌంటుకు 46.5. అంత దూరం నుంచి 10 ఎం.ఎం. లెన్సు పని చేయాలంటే ముందు వైపు పెద్ద పుటాకార గాజు పెట్టి కాంతిని తిప్పాలి. పొందిక చెడుతుంది, గీతలు పీపా పక్కల్లా ఉబ్బుతాయి. ఆ ఉబ్బు తీయడానికి ఖరీదైన గాజులు చేర్చాలి, దాంతో ధర ఉబ్బుతుంది. అద్దం లేని కెమెరాల్లో ఈ దూరం సోనీలో 18, నికాన్ జెడ్‌లో 16 మి.మీ.కు దిగింది. పెళ్లిపెద్ద ఇదంతా ఓపిగ్గా విని, ఎంత తగ్గిస్తావో చెప్పమంటాడు.

కొనేముందు పరీక్ష తప్పదు. సిరిసిల్లలో ఇందుకు కట్టుదిట్టమైన సదుపాయం ఉంది. బీము మీద బిగించిన పడుగు కంటే తిన్ననైన గీతలు మరెక్కడ దొరుకుతాయి? ఫ్రేము అంచుకు దగ్గరగా పడుగు పోగులు పెట్టి తీస్తే లెన్సు గుణం బయటపడుతుంది. మామూలు ఉబ్బు అయితే కంప్యూటరులో ఒక్క మీట జరిపితే పోతుంది. సామ్యాంగ్ 14 ఎం.ఎం. తీరు వేరు. ధర తక్కువ, స్పష్టత బాగుంటుంది, గీత మాత్రం మధ్యలో ఉబ్బి చివర్లలో తిరగబడుతుంది. లోకమంతా దీన్ని మీసం వంకర అనే పిలుస్తుంది. పెళ్లి మండపం పైదూలానికి మీసం మొలిస్తే మామూలు మీటతో గీయలేం, ఆ లెన్సు కోసమే తయారైన ప్రొఫైలు కావాలి.

జగిత్యాలలో పరీక్ష టవర్ సర్కిల్ దగ్గర జరుగుతుంది, జరగకపోతే బాగుండేది. వైడన్న కింద నిలబడి కెమెరా పైకెత్తి గడియార స్తంభాన్ని తీస్తాడు. స్తంభం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. లెన్సు పనికిరాదని తీర్పు చెప్పి తిరిగి ఇచ్చేస్తాడు. ఇందులో లెన్సు తప్పేమీ లేదు, కెమెరాను ఎత్తడమే తప్పు. సెన్సరు నిట్టనిలువుగా ఉంటే స్తంభం గీతలు ఎంత వెడల్పులోనైనా నిలువుగానే నిలబడతాయి. అప్పుడు ఫొటో కింది సగంలో ఆటోలే ఉంటాయి కాబట్టి తర్వాత కత్తిరించుకోవాలి. ఈ ఒక్క పొరపాటు వల్ల మంచి లెన్సులు ఎన్ని దుకాణాలకు తిరిగి వెళ్లాయో లెక్క తెలియదు.

అసలు చిక్కు కోరుట్ల ఫంక్షన్ హాల్లో మొదలవుతుంది. వైడన్న ఎట్టకేలకు ఒక మంచి లెన్సు కిరాయికి తెచ్చి, 10 దగ్గర పెట్టి, స్టేజీ మీద పెళ్లివారిని ఒకే వరుసలో నిలబెట్టి తీశాడనుకుందాం. వెనక డెకరేషన్ స్తంభాలు దారం పట్టి కొట్టినట్టు వస్తాయి. నెల తర్వాత ఆల్బమ్ చేతికొచ్చిన రోజున పెళ్లికూతురి పెద్దమ్మ స్టూడియో గడప ఎక్కుతుంది.

“ఏంది కొడుకా, నన్ను గింత లావు జేసినవ్?”

“పెద్దమ్మా, ఎనక కంబం సూడు, ఎంత సక్కగచ్చిందో.”

“కంబాన్ని ఎవలు సూస్తరు రా! లగ్గం కంబానికి జేసినమా?”

ఇందులో పెద్దమ్మ మాటే శాస్త్రం. డెకరేషన్ పలక చదునుగా ఉంటుంది కాబట్టి గీత వంచని లెన్సులో అది ఉన్నదున్నట్టే వస్తుంది. మనిషి చదును కాదు. వరుస చివర నిలబడిన మనిషిని కెమెరా ముందు నుంచి కాక ఏటవాలుగా చూస్తుంది, పక్క భాగం కూడా కలిపి పరుస్తుంది. మధ్య గీత నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు ఉంటే ఆ కోణపు కొసైన్‌తో ఒకటిని భాగించినంత వెడల్పు పెరుగుతుంది, ఎత్తు పెరగదు. 10 ఎం.ఎం. దగ్గర ఫ్రేము పక్క అంచు సుమారు 48 డిగ్రీల్లో ఉంటుంది, అంటే మనిషి దాదాపు ఒకటిన్నర రెట్లు వెడల్పవుతుంది. అదే 18 దగ్గర ఐదో వంతు కూడా పెరగదు. ఇంకో విచిత్రం, పీపా ఉబ్బు ఉన్న లెన్సు అంచులను లోపలికి నొక్కుతుంది కాబట్టి పెద్దమ్మ కొంచెం సన్నబడుతుంది. ఆ ఉబ్బును కంప్యూటరులో సరిచేస్తే మళ్లీ లావవుతుంది. అంటే వంకర లేకపోవడానికి వైడన్న పెట్టే అదనపు డబ్బంతా పెద్దమ్మ నడుముకే చేరుతుంది.

ఇక సరుకు సంగతి. కానన్ చిన్న సెన్సరు వాళ్లకు 2014లో వచ్చిన 10-18 చాలు. బరువు 240 గ్రాములు, మౌంటు ప్లాస్టిక్కు, 10 దగ్గర కొంచెం ఉబ్బు. వెలుతురు తక్కువ తీసుకుంటుంది కాబట్టి రాత్రి బారాత్‌లో ఫ్లాష్ లేకుండా నడవదు. టోకినా 11-16కి ఎఫ్ 2.8 ఉంది, అందుకే వీడియో తీసేవాళ్లు దాన్ని వదలరు. నికాన్ చిన్న సెన్సరుకు 2017 నాటి 10-20 ఉంది, కానీ అది కొత్త బాడీల మీదే సరిగ్గా పని చేస్తుంది. వైడన్న కలలోకి వచ్చేది మాత్రం లావోవా 12 ఎం.ఎం. జీరో-డి. 2016లో వచ్చిన చైనా లెన్సు, పేరులోనే వంకర సున్నా అని రాసుకుంది. ఆటోఫోకస్ కూడా సున్నాయే, తలంబ్రాలు చల్లేటప్పుడు చేత్తో తిప్పుకోవాలి. కొత్తరకం చవక లెన్సుల్లో కానన్ ఆర్.ఎఫ్. 16 లాంటివి వంకరను దాచుకోకుండా కెమెరాలోని సాఫ్ట్‌వేరుకే అప్పగిస్తాయి. అంచుల్లో కొంత గుంజిపోయినా ఫొటోలో గీత తిన్నగానే కనిపిస్తుంది. దీన్ని వైడన్న మోసం అంటాడు, పెద్దమ్మకు పట్టింపు లేదు.

కొనే దారులు రెండు. ఒకటి హైదరాబాద్ కోఠి. రెండోది గల్ఫ్‌లో ఉన్న బావ. చెప్పిన లెన్సు పేరును బావ చీటీ మీద రాసుకుని, చీటీ పోగొట్టుకుని, కానన్ బాడీకి నికాన్ లెన్సు తెచ్చి ఇస్తాడు. బావ తెచ్చింది బాగా లేదనడం మర్యాద కాదు కాబట్టి అది అద్దాల బీరువాలో ఉండిపోతుంది. పాత లెన్సు కొనేటప్పుడు చూడాల్సినవి తక్కువే. చీకట్లో టార్చి వెనక నుంచి వేసి లోపల సాలెగూడులా ఫంగస్ పట్టిందేమో చూడాలి, మౌంటు దగ్గర కదులుతోందేమో పట్టి చూడాలి, తిన్నటి గోడను ఫ్రేము నాలుగు మూలలూ నిండేలా తీసి ఒక మూల మాత్రమే మసకగా వస్తే వదిలేయాలి. అలాంటిది కిందపడిన లెన్సు. జగిత్యాల కోట గోడ ఈ పనికి పనికిరాదు. వంకర లెన్సుదో గోడదో తేలక సాయంత్రమవుతుంది.

కొన్నాక వాడే పద్ధతి అనుభవంతో వస్తుంది. గదిలో, షెడ్డులో, ఖాళీ మండపంలో 10. మనుషుల వరుసకు 18 లేదా అంతకన్నా పైన, ఎంత వెనక్కి వీలైతే అంత వెనక్కి. వెనక్కి వీలు కాకపోతే వరుసను రెండుగా చేసి ఫ్రేము పక్కలు ఖాళీగా వదలాలి. ఖాళీ వదిలితే పెళ్లిపెద్ద ఊరుకోడు కాబట్టి ఆ చోట్లలో బక్కపల్చటివాళ్లను నిలబెట్టాలి. చుట్టాల్లో అలాంటివాళ్లు దొరకని రోజున లైటు పట్టుకునే పోరణ్ని లైటు కింద పెట్టించి అంచున నిలబెడతారు. ఈ మూడు ఊళ్లలో ఎవరి ఆల్బమ్ తిరగేసినా కుడి చివర ఆ పోరడు నవ్వుతూ ఉంటాడు. అబ్బాయివాళ్లు అతన్ని అమ్మాయి తరఫు అనుకుంటారు, అమ్మాయివాళ్లు అబ్బాయి తరఫు అనుకుంటారు.